విరిగిన కాలికి ఏడో అక్షరం: కోడర్‌గా నా అనుభవం

అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి, రోగికి ఏమైందో, ఏ చికిత్స చేశారో బిల్లు కోసం కోడ్లుగా మార్చడం నా ఉద్యోగం. చాలాకాలం రేడియాలజీ చార్టులే చేశాను. ఒక రిపోర్టు, నాలుగైదు లైన్లు, అంతటితో పని అయిపోయేది. తర్వాత ఇన్‌పేషెంట్ ఆర్థోపెడిక్స్‌కి మార్చారు. అక్కడ ఒక్కో అడ్మిషన్ ఒక్కో పుస్తకమంత ఉంటుంది. కాలు విరిగిన కేసు వస్తే "ఇందులో ఏముంది, ఎస్82 కింద వెతికి పెట్టేయడమే కదా" అంటారు కొత్తగా చేరినవాళ్లు. అలాంటి ఒక కేసు మొదటి నుంచి ఎలా నడిచిందో రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టే వివరాలు ఇందులో ఏవీ లేవు. గాయం కొలతలు కూడా కొంచెం మార్చాను.

బైక్ మీద వెళ్తున్న మనిషిని కారు గుద్దింది. ఎడమ కాలు, మోకాలికీ చీలమండకీ మధ్యలో రెండు ఎముకలూ (లావుపాటి టిబియా, దాని పక్కనుండే సన్నటి ఫిబులా) విరిగాయి. అంబులెన్స్ సిబ్బంది "ఎముక బయటికి కనిపిస్తోంది" అని రాసుకున్నారు. ఎమర్జెన్సీ డాక్టర్ "ఓపెన్ టిబ్-ఫిబ్ ఫ్రాక్చర్, గ్రేడ్ వన్" అన్నారు. ఓపెన్ అంటే చర్మం చీలి గాయం విరిగిన ఎముక దాకా తెరుచుకోవడం. ఆర్థో కన్సల్ట్ నోట్ మాత్రం వివరంగా ఉంది: టిబియా నడిమి భాగంలో ముక్కలై పక్కకు జరిగింది, ఫిబులా ఏటవాలుగా విరిగి అదీ జరిగింది, గాయం "టైప్ టూ". అదే రాత్రి ఆపరేషన్ చేసి గాయం కడిగారు, మట్టి, చచ్చిన కండ తీసేశారు, ఎముక కదలకుండా బయటి నుంచి పట్టి ఉంచే ఫిక్సేటర్ బిగించారు. కొన్ని రోజుల తర్వాత ఫిక్సేటర్ తీసేసి ఎముక లోపల రాడ్ వేశారు. ఇన్ని జరిగాక డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నది ఒకే ముక్క: "ఓపెన్ లెఫ్ట్ టిబ్-ఫిబ్ ఫ్రాక్చర్, రాడ్ వేశాం, పరిస్థితి నిలకడగా ఉంది."

చాలామంది కోడర్లు డిశ్చార్జ్ సమ్మరీతో మొదలుపెడతారు. నేను ఫ్రాక్చర్ కేసుల్లో ఆపరేషన్ నోట్‌తో మొదలుపెడతాను. ఎముకను కళ్లారా చూసి రాసిన మనిషి సర్జన్ ఒక్కరే. మిగిలిన నోట్లు చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే.

కోడ్‌లో మొదటి ఆరు స్థానాలు పెద్ద కష్టం కాదు. ఎస్82 అంటే మోకాలి చిప్ప నుంచి చీలమండ దాకా ఏ ఎముక విరిగినా వచ్చే వర్గం. పాదం ఇందులోకి రాదు, దానికి ఎస్92 ఉంది. చుక్క తర్వాతి అంకె ఎముకలో ఏ భాగమో చెబుతుంది: టిబియా పైకొన అయితే 1, నడిమి భాగం 2, కింది కొన 3, ఫిబులా నడిమి భాగం 4. దాని పక్క అంకె ఎలా విరిగిందో చెబుతుంది: అడ్డంగా, ఏటవాలుగా, మెలితిరిగి, ముక్కలుగా. ఆ తర్వాతిది కుడా ఎడమా, ముక్కలు పక్కకు జరిగాయా లేదా. అలా మా చార్టులో టిబియాకి ఎస్82.252, ఫిబులాకి ఎస్82.432 తేలాయి. మేం రోగనిర్ధారణకు వాడే కోడ్ల పద్ధతి ఐసీడీ-10-సీఎంలో ఈ రెండు ఎముకల నడిమి భాగాలకు రెండు వేర్వేరు కోడ్లు వేయాలి. 2015 అక్టోబర్ 1కి ముందు, పాత పద్ధతి ఐసీడీ-9 రోజుల్లో, రెండూ విరిగి గాయం తెరుచుకుంటే 823.32 అని ఒకే కోడ్ ఉండేది. అది కుడి కాలో ఎడమ కాలో కూడా చెప్పేది కాదు. ఆ కాలంలో పనిచేసిన సీనియర్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుని నిట్టూరుస్తుంటారు.

చివర వచ్చే ఏడో అక్షరం దగ్గరే అసలు టెన్షన్. ఎస్82లో ఎక్కువ కోడ్లకు ఈ స్థానంలో 16 అక్షరాల్లో ఒకటి రావాలి. ఏ అంటే మూసుకున్న ఫ్రాక్చర్‌కి చికిత్స నడుస్తోందని. బీ అంటే తెరుచుకున్న ఫ్రాక్చర్, టైప్ వన్ లేదా టూ. సీ అంటే టైప్ త్రీ ఏ, త్రీ బీ, త్రీ సీల్లో ఏదో ఒకటి. అక్కడి నుంచి డీ, ఈ, ఎఫ్ అంటూ ఎముక ఎలా అతుక్కుంటోందన్న దాన్నిబట్టి ఆర్ దాకా, చివర్లో పాత గాయం మిగిల్చిన ఇబ్బందులకు ఎస్. ఐ, ఎల్, ఓ లేవు. కోడ్ మధ్యలో ఒకటీ సున్నాలా కనిపిస్తే చూసేవాళ్ల పని అయిపోయినట్టే.

ఈ టైపులు గస్టిలో వర్గీకరణ నుంచి వచ్చాయి. గస్టిలో, ఆండర్సన్ 1976లో దీన్ని ప్రచురించారు, 1984లో గస్టిలో మరికొందరితో కలిసి టైప్ త్రీని మూడుగా విడగొట్టారు. గాయం ఒక సెంటీమీటర్ లోపు ఉండి శుభ్రంగా ఉంటే వన్. ఒక సెంటీమీటర్ దాటి, కండ పెద్దగా దెబ్బతినకపోతే టూ. పది సెంటీమీటర్లు దాటినా, దెబ్బ బలంగా తగిలి చుట్టూ కండ నలిగిపోయినా త్రీ. త్రీలో మళ్లీ, ఎముకను కప్పడానికి కండ సరిపోతే ఏ, సరిపోక వేరే చోటి నుంచి తెచ్చి కప్పాల్సి వస్తే బీ, రక్తనాళం తెగి కుట్టాల్సి వస్తే సీ. పైకి చిన్న గాయంలా కనిపించేది లోపల చాలా ఘోరంగా ఉండొచ్చు. అందుకే టైప్ ఏదన్నది ఆపరేషన్ థియేటర్లో గాయం కడిగాకే ఖాయం చేయాలంటారు ఆర్థో డాక్టర్లు. ఎమర్జెన్సీలో ఒకటి, కన్సల్ట్‌లో ఇంకొకటి రాయడం వింతేమీ కాదన్నమాట.

మా చార్టులో ఆపరేషన్ నోట్ ఇలా ఉంది, నా మాటల్లో చెబుతాను. ముంగాలు లోపలి వైపు 11 సెంటీమీటర్ల గాయం. అంచులు చిరిగిపోయి ఉన్నాయి. టిబియా ముక్కలు గాయంలో కనిపిస్తున్నాయి, ఒక ముక్క మీద పైపొర (పెరియాస్టియం) పూర్తిగా లేచిపోయింది. గడ్డి, మట్టి ఎముక దాకా వెళ్లాయి. రక్తనాళాలు బాగున్నాయి. కడగడం పూర్తయ్యాక టెన్షన్ లేకుండా చర్మం మూయగలిగారు. ఇంత రాసి, టైప్ ఏమిటో మాత్రం రాయలేదు. పై భాగంలో "ఓపెన్ ఫ్రాక్చర్" అని ఉంది, అంతే.

ఇది చదివిన ఏ ఆర్థో కోడర్‌కైనా త్రీ ఏ అని తెలిసిపోతుంది. నాకూ తెలిసింది. అయినా మా టీమ్ లీడ్‌ని అడిగాను.

"మేడమ్, గాయం పది సెంటీమీటర్లు దాటింది, పెరియాస్టియం లేచిపోయిందని కూడా రాశారు. సీ వేసేయొచ్చా?"

"టైప్ త్రీ అని ఎక్కడైనా ఉందా?"

"లేదు మేడమ్. ఒకచోట వన్, ఒకచోట టూ ఉన్నాయి."

"మరి నువ్వు డాక్టర్‌వా? క్వెరీ పెట్టు."

క్వెరీ అంటే చార్టులో తేలని విషయం గురించి డాక్టర్‌కి రాసి పంపే ప్రశ్న. ఆవిడ కొట్టినట్టు చెప్పినా, అన్నది న్యాయమే. లక్షణాలు చూసి రోగనిర్ధారణ చేసే అధికారం కోడర్‌కి లేదు. గాయాన్ని స్కేలు పెట్టి కొలిచి రాసినా, ఆ కొలత ఏ టైప్ కిందికి వస్తుందో చెప్పాల్సింది చికిత్స చేసిన డాక్టరే. అంబులెన్స్ వాళ్ల "ఎముక కనిపిస్తోంది" కూడా డయాగ్నోసిస్ కిందికి రాదు. అలాగని ఊరికే బీ వేసి వదిలేయడానికీ లేదు. టైప్ ఎక్కడా రాయకపోతే బీ వేయమని కోడ్ పుస్తకమే చెబుతుంది. ఇక్కడ రాయకపోవడం కాదు సమస్య, రెండు నోట్లు రెండు రకాలుగా చెప్పడం, ఆపరేషన్ నోట్‌లోని వివరం ఆ రెండింటికీ పొసగకపోవడం. ఇలాంటప్పుడు తేల్చాల్సింది రోగి బాధ్యత చూసే అటెండింగ్ డాక్టర్.

క్వెరీ రాయడం చూడటానికి తేలికగా ఉంటుంది. కానీ ప్రశ్నలో జవాబు కనిపించకూడదు. "ఇది టైప్ త్రీ ఏ కదా, దయచేసి రాయండి" అంటే అది క్వెరీ కాదు, డాక్టర్ చేత సంతకం పెట్టించుకోవడం. డబ్బు ఊసు అస్సలు రాకూడదు. ఏ జవాబు ఇస్తే ఆసుపత్రికి ఎంత వస్తుందన్న మాట క్వెరీలో కనిపిస్తే ఆడిట్‌లో ఇక చెప్పుకోవడానికేమీ మిగలదు. నేను ముందు చార్టులో ఉన్నవి ఉన్నట్టు తేదీలతో పెట్టాను: ఎమర్జెన్సీ నోట్‌లో గ్రేడ్ వన్, కన్సల్ట్‌లో టైప్ టూ, ఆపరేషన్ నోట్‌లో గాయం పొడవు, పెరియాస్టియం, మట్టి, రక్తనాళాలు, చర్మం మూసిన తీరు. దాని కింద "మీ క్లినికల్ నిర్ణయం ప్రకారం ఎడమ టిబియా ఓపెన్ ఫ్రాక్చర్ టైప్ తెలపగలరు" అని రాసి, వన్, టూ, త్రీ ఏ, త్రీ బీ, త్రీ సీ, ఇతరం, నిర్ధారించలేం అనే ఎంపికలన్నీ ఇచ్చాను.

రెండో ప్రశ్న కూడా కలిపాను. నిజానికి ఈ చార్టులో నాకు ఎక్కువ నచ్చిన భాగం అదే. అందరూ "ఓపెన్ టిబ్-ఫిబ్" అని ఒకే ఊపిరిలో అనేస్తారు. ఆ ఓపెన్ అన్న మాట టిబియాకి చెందిందా, రెండింటికీనా? ఆపరేషన్ నోట్ మొత్తం మళ్లీ చదివాను. గాయం లోపలి వైపు ఉంది, ఫిబులా ఉండేది బయటి వైపు. గాయంలోంచి ఫిబులా కనిపించిందని గానీ, దాని చుట్టూ కడిగారని గానీ ఎక్కడా లేదు. రెండు ఎముకలకూ కలిపి ఒకే గాయం ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. అది ఊహించి వేసే అక్షరం కాదు. "ఫిబులా ఫ్రాక్చర్ ఓపెనా, క్లోజ్డా, నిర్ధారించలేమా" అని అడిగాను.

జవాబు రావడానికి టైమ్ పట్టింది. చార్టు హోల్డ్‌లో పడితే ప్రొడక్షన్ లెక్కలోకి (పూర్తిచేసిన చార్టుల సంఖ్యలోకి) రాదు కాబట్టి ఆ రోజుల్లో రోజూ పొద్దున్నే క్వెరీ క్యూ తెరిచి చూసుకోవడం అలవాటైపోయింది. చివరికి సర్జన్ ఆపరేషన్ నోట్‌కి అడెండమ్ (అనుబంధం) రాశారు, రెండే వాక్యాలు: ఎడమ టిబియా ఓపెన్ ఫ్రాక్చర్, గస్టిలో త్రీ ఏ. ఫిబులా ఫ్రాక్చర్ క్లోజ్డ్.

అలా టిబియాకి ఎస్82.252సీ, ఫిబులాకి ఎస్82.432ఏ పడ్డాయి. ఒకే కాలు, ఒకే ప్రమాదం, ఒకే రాత్రి. అయినా రెండు ఎముకలకు రెండు వేర్వేరు అక్షరాలు. తీవ్రత ఎక్కువ కాబట్టి టిబియా ముందు.

ప్రమాదం ఎలా జరిగిందన్నదానికి వీ23 వర్గం. బైక్ నడిపేవాణ్ణి కారు గానీ వ్యాన్ గానీ గుద్దిన కేసులు అక్కడికి వస్తాయి. జరిగిన చోటుకి వై92 కోడ్ ఉంటుంది, అది మొదటిసారి చూసినప్పుడు ఒక్కసారే వేయాలి. వీటిని "ఎవరు చూస్తార్లే" అని వదిలేసేవాళ్లను చూశాను. నా మట్టుకు నేను వేస్తాను. రెండు నిమిషాల పని.

సర్జరీ కోడింగ్‌లో ఆసుపత్రి బిల్లుదో దారి, సర్జన్ బిల్లుదో దారి. ఆసుపత్రి వైపు ఐసీడీ-10-పీసీఎస్ అనే ప్రొసీజర్ కోడ్ల పద్ధతి. అందులో ఏడు స్థానాలకూ ఒక్కో అర్థం ఉంటుంది. ఎముకను సరైన చోటికి తెచ్చారు కాబట్టి రీపొజిషన్, భాగం ఎడమ టిబియా, పెట్టింది ఇంట్రామెడుల్లరీ (ఎముక లోపలి) రాడ్. ఐదో స్థానంలో ఎలా లోపలికి వెళ్లారన్నది రావాలి. సర్జన్ మోకాలి కింద చిన్న కోత పెట్టి, ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్‌రేలో) చూస్తూ రాడ్ దించారు, విరిగిన చోటును ఆ రోజు తెరవలేదు. అందుకే పర్‌క్యుటేనియస్ (చిన్న కోతతో చర్మం గుండా), కోడ్ 0క్యూఎస్‌హెచ్36జెడ్. "ఓపెన్ ఫ్రాక్చర్ కదా, ఓపెన్ అప్రోచ్ వేయాలి" అని పక్క సీటు అబ్బాయి వాదించాడు. ఫ్రాక్చర్ ఓపెన్ కావడం వేరు, సర్జన్ తెరిచి చూడటం వేరు. ఈ రెండూ కలిపేయడం చాలా తరచుగా చూస్తాను.

సర్జన్ వైపు సీపీటీ అనే వేరే ప్రొసీజర్ కోడ్లు. టిబియాలో రాడ్ వేసినందుకు 27759. ఆ కోడ్ వివరణలోనే "ఫిబులా విరిగినా విరగకపోయినా" అని ఉంటుంది కాబట్టి ఫిబులాకి విడిగా ఏమీ రాదు. డయాగ్నోసిస్‌లో రెండు కోడ్లు అడిగే ఎముకలకు ప్రొసీజర్‌లో ఒకటే. మొదటి రాత్రి ఓపెన్ ఫ్రాక్చర్ దగ్గర ఎముక దాకా శుభ్రం చేసినందుకు 11012, ఫిక్సేటర్‌కి వేరే. రాడ్ వేసిన రోజు బిల్లుకి 58 మాడిఫయర్ (కోడ్ చివర చేర్చే గుర్తు), ఎందుకంటే మొదటి సర్జరీ గ్లోబల్ గడువులోనే (దాని ఫీజులోనే తర్వాతి సంరక్షణా కలిసే రోజుల్లోనే), ముందే అనుకున్న ప్రకారం, రెండోది జరిగింది. డయాగ్నోసిస్ మాత్రం ఆ రోజు కూడా సీనే. చికిత్స ఇంకా నడుస్తోంది కదా. ఏ, బీ, సీ అక్షరాలకు పుస్తకంలో ఉండే పేరు ఇనీషియల్ ఎన్‌కౌంటర్. దాన్ని మొదటిసారి రావడం అనుకుని రెండో సర్జరీకి, అతుక్కునే దశకు వేసే ఎఫ్ వేసిన చార్టులు ఆడిట్‌లో బోలెడు కనిపిస్తాయి.

ఇదే వర్గంలో ఇంకో ఉచ్చు గురించి కూడా చెప్పాలి. ఒక పెద్దావిడ చార్టు వచ్చింది. నిలబడ్డ చోటే జారి పడ్డారు, టిబియా విరిగింది. పడ్డారు కాబట్టి ఎస్82 అని చేయి పోతుంది. కానీ ఆవిడకు ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందని డాక్టర్ రాశారు. మామూలు ఎముక విరగనంత చిన్న దెబ్బకే విరిగితే, ఆ రోగికి ఆస్టియోపోరోసిస్ ఫ్రాక్చర్లకున్న ఎం80 వర్గం వేయాలని కోడింగ్ గైడ్‌లైన్స్ స్పష్టంగా చెబుతున్నాయి. అక్కడ ఓపెన్, క్లోజ్డ్ అక్షరాల గొడవే లేదు.

బైక్ చార్టు సంగతికొస్తే, తర్వాత నాకు అదే ఆసుపత్రి ఆర్థో క్లినిక్ విజిట్లు కూడా ఇచ్చారు. ఆ రోగి ఫాలో-అప్ నోట్లు నా క్యూలోకే వచ్చాయి. ఎముక అతుక్కునే దశలో చేసే కట్టు మార్చడం, ఎక్స్‌రే చూడటం వంటివన్నీ సబ్‌సీక్వెంట్ (తర్వాతి సంరక్షణ). దెబ్బ తగిలి విరిగిన ఎముకకు ఆఫ్టర్‌కేర్ జెడ్ కోడ్లు వాడరు, అదే ఎస్82 కోడ్‌కి అక్షరం మారుస్తారు. టైప్ త్రీ మామూలుగా అతుక్కుంటుంటే ఎఫ్, క్లోజ్డ్ అయితే డీ.

కానీ క్లినిక్ నోట్‌లో ఉన్నది "ఓపెన్ ఫ్రాక్చర్, రాడ్ వేశాం, బాగా అతుక్కుంటోంది" అని మాత్రమే. త్రీ ఏ అన్న మాట లేదు. పాత అడ్మిషన్‌లో ఆ అడెండమ్ రాయించింది నేనే అయినా, దాన్ని తెచ్చి ఇక్కడ వాడకూడదు. ఏ ఎన్‌కౌంటర్ (అడ్మిషన్ లేదా విజిట్) కోడ్‌కి ఆ ఎన్‌కౌంటర్ నోటే ఆధారం కావాలి. మళ్లీ క్వెరీ. ఈసారి త్వరగానే జవాబు వచ్చింది, పైగా ఆ డాక్టర్ తన టెంప్లేట్‌లోనే టైప్ చేర్చేశారు. దానివల్ల నాకు పని తగ్గింది, కానీ టెంప్లేట్‌తో ఇంకో తలనొప్పి మొదలైంది. విజిట్ మీద విజిట్ "బాగా అతుక్కుంటోంది" అన్న వాక్యం కాపీ అవుతూ వచ్చింది. ఒక విజిట్‌లో అదే నోట్ కింది భాగంలో, ఎక్స్‌రేలో కాలస్ (విరిగిన చోట కొత్తగా పుట్టే ఎముక) సరిగా లేదు, బోన్ స్టిమ్యులేటర్ పెడదాం, డిలేడ్ యూనియన్ అని డాక్టర్ కొత్తగా టైప్ చేశారు. పైన బాగా అతుక్కుంటోంది, కింద ఆలస్యమవుతోంది. పై వాక్యం పాతదని ఎవరికైనా తెలుస్తుంది. అయినా అడిగే వేశాను. టిబియాకి జె. కాపీ-పేస్ట్ వల్ల డాక్టర్‌కి ఆదా అయ్యే నిమిషం కోడర్‌కి అరగంట అవుతుంది.

ఆ తర్వాత నోట్‌లో నాన్‌యూనియన్, అంటే ఎముక అతుక్కోలేదని వచ్చింది. పాత రాడ్ తీసి లావుపాటిది వేయడానికి మళ్లీ అడ్మిట్ చేశారు. మా టీమ్‌లో ఈ చార్టు మీద కాస్త గట్టిగానే వాదన జరిగింది. పెద్ద సర్జరీ, జనరల్ అనస్థీషియా, కొత్త రాడ్. ఇది యాక్టివ్ ట్రీట్‌మెంట్ కాకపోతే మరేంటి, సీనే వేయాలి అన్నారు ఇద్దరు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఫ్రాక్చర్ అతుక్కోకపోవడం, వంకరగా అతుక్కోవడం లాంటి ఇబ్బందులకు చికిత్స చేస్తే, ఎంత పెద్ద సర్జరీ అయినా సబ్‌సీక్వెంట్ అక్షరాలే వేయమని గైడ్‌లైన్స్ 19వ అధ్యాయం చెబుతోంది. క్లోజ్డ్ నాన్‌యూనియన్‌కి కె, ఓపెన్ టైప్ వన్, టూకి ఎం, టైప్ త్రీకి ఎన్. విరిగినప్పుడు అసలు చికిత్సకే రాకుండా ఆలస్యంగా వచ్చినవాళ్లకు మాత్రమే మళ్లీ ఇనీషియల్ అక్షరం. మా రోగి మొదటి రాత్రి నుంచి చికిత్సలోనే ఉన్నాడు. ఆ పేజీ స్క్రీన్ మీద పెట్టాక వాదన ఆగింది.

కోడ్ ఎస్82.252ఎన్ అయింది. ఫిబులా అప్పటికే అతుక్కుపోయిందని డాక్టర్ నోట్‌లో విడిగా రాశారు. అందుకని ఆ చార్టులో ఎస్82.4 లేదు.